సిటీ శివార్లలో రెండు మూడు నెలలకి ఫ్లాట్ కావాలంటే

ముందు తేదీలు తేల్చుకోండి, ఎందుకంటే చాలామంది ఓనర్లు 11 నెలలు, ఏడాది అగ్రిమెంట్ లేకపోతే మాట్లాడనే మాట్లాడరు, కాబట్టి ఫర్నిష్డ్, మంత్లీ, సబ్‌లెట్ (అద్దెకున్నవాళ్లే ఇంకొకరికి అద్దెకివ్వడం) అని వెతకండి. ఎయిర్‌బీఎన్‌బీలో అయితే 28 రాత్రులు లేదా అంతకంటే ఎక్కువ పెట్టి చూడండి, చాలామంది హోస్టులు అక్కణ్ణించే మంత్లీ డిస్కౌంట్ ఇస్తారు, అందుకే 26 రోజులకంటే 28 రోజులకే మొత్తం తక్కువ పడొచ్చు.

శివార్లలో అద్దె తక్కువే గానీ బస్సు, రైలు దూరమైతే ఆ మిగిలింది కాస్తా క్యాబులకే పోతుంది. మ్యాప్‌లో ఆఫీస్ టైమ్ పెట్టి ఎంతసేపు పడుతుందో చూడండి, ఆదివారం మధ్యాహ్నం చూసి మోసపోవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, ఇల్లు చూడకుండా అడ్వాన్స్ పంపొద్దు. వెళ్లలేకపోతే వీడియో కాల్‌లో మెయిన్ డోర్ బయటనుంచి మొదలుపెట్టి చూపించమనండి, కుళాయి తిప్పమనండి, కిటికీ తీసి వీధి చూపించమనండి, ఇల్లు చేతిలో లేనివాడు ఇక్కడే ఏదో సాకు చెప్పి తప్పించుకుంటాడు. ఫోటోలు గూగుల్ లెన్స్‌లో (ఫోటోతో వెతికే టూల్) పెడితే వేరే ఊరి ఇల్లు బయటపడ్డా పడొచ్చు.

కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ అద్దెలోనే కలిసున్నాయా, పార్కింగ్ ఉందా, మధ్యలో ఖాళీ చేస్తే ఎంత కట్ చేస్తారు, ఇవన్నీ మెసేజ్‌లో రాయించుకోండి. సబ్‌లెట్ అయితే అసలు ఓనర్ ఒప్పుకున్నట్టు రాతలో అడగండి, మొహమాటపడొద్దు ప్లీజ్.

తాళాలు తీసుకున్న రోజే గోడల మరకలు, గీతలు, మీటర్ రీడింగ్ అన్నీ వీడియో తీసి ఓనర్‌కి పంపేయండి, డిపాజిట్ వెనక్కి అడిగేటప్పుడు అదే మీ సాక్ష్యం.