బతుకమ్మ తొమ్మిది రోజులు: పల్లీ, నువ్వులు, పాలు పడని పిల్లలున్న ఇంట్లో జాగ్రత్తలు

బతుకమ్మ మొదలయ్యే పెత్రామాస దగ్గరపడిందంటే పాలమూరు, నల్లగొండ ఇళ్లల్లో పల్లీలు వేగుతుంటాయి, నువ్వులు చిటపటమంటుంటాయి, నెయ్యి కరుగుతుంటుంది. వీటిలో ఏ ఒక్కటి పడని పిల్లలున్నా ఆ ఇంటికి ఏడాది మొత్తంలో కష్టమైన రోజులు ఇవే. సంక్రాంతి సకినాల్లో కూడా నువ్వులుంటాయి, కానీ అవి డబ్బాలో ఉంటాయి, పైన అటక మీద పెట్టేస్తే సరిపోతుంది. బతుకమ్మ అలా కాదు. వాడంతా ఒకరి చేతిలో ఒకరు ప్రసాదం పెట్టుకునే పండుగ.

ముందుగా ఏ రోజు ఏముందో చూసుకోండి. ఎంగిలిపూల నాడే నువ్వులు మొదలవుతాయి. ముద్దపప్పు, నానబియ్యం బతుకమ్మలకు పాలు ఉంటాయి. వెన్నముద్దల నాడు నువ్వులు, వెన్న రెండూ ఉంటాయి. చివరి రోజు సద్దుల నాడైతే నువ్వుల సద్ది (నువ్వులపొడి కలిపిన అన్నం), పల్లీల సద్ది, పెరుగు సద్ది, పైన నెయ్యి పోసి కలిపిన మలీద, అన్నీ ఒకే పళ్లెంలోకి వస్తాయి. అటుకులు, అట్లు, వేపకాయల్లా ఒత్తి వేయించే బియ్యప్పిండి పెద్దగా ఇబ్బంది పెట్టవు, నూనె సరైనదైతే చాలు. ఆరో రోజు అలిగిన బతుకమ్మకు నైవేద్యమే లేదు. ఆ రోజును వంటగది కడగడానికి పెట్టుకోండి. పొయ్యి గట్టు, పోపుల డబ్బా, గంటెలు సబ్బుతో కడిగి ఆరబెడితే చివరి మూడు రోజులకు ఇల్లు సిద్ధంగా ఉంటుంది.

పాలు, గుడ్డు, చేప లేని వంట చేస్తున్నాం కదా, ఇక భయమెందుకు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వీగన్ (జంతువుల నుంచి వచ్చేదేదీ లేని తిండి) అన్న మాట వేరు, ఎలర్జీ లేదన్న మాట వేరు. పల్లీ, జీడిపప్పు, నువ్వులు, సోయా, గోధుమ అన్నీ వీగన్ తిండే, ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీలు కూడా వాటితోనే వస్తాయి. ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటే శాకాహారమని మాత్రమే అర్థం, లోపల పాలపొడి ఉండొచ్చు. ఇంకో సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. మన దేశంలో 2020 నాటి లేబుల్ నిబంధనల ప్రకారం ఎలర్జీ హెచ్చరిక రాయాల్సిన వాటిలో పాలు, గుడ్డు, చేప, రొయ్యలు, పల్లీ, జీడిపప్పులాంటి గింజపప్పులు, సోయా, గ్లూటెన్ ఉన్న గోధుమలాంటి ధాన్యాలు ఉన్నాయి. నువ్వులు లేవు. అమెరికాలో 2023 నుంచి నువ్వులు కూడా రాయాల్సిందే. కాబట్టి నువ్వులు పడనివాళ్లు కింద రాసిన హెచ్చరిక ఒక్కటే చూసి సరిపెట్టుకోకుండా పదార్థాల వరుస మొత్తం చదవాలి. పాలు పడకపోతే బర్రెపాలో మేకపాలో పోయండని సలహా ఇస్తారు, వినొద్దు. వాటి ప్రోటీన్లు ఆవుపాల ప్రోటీన్లకు చాలా దగ్గరగా ఉంటాయి. నెయ్యిలోనూ కొంచెం పాల ప్రోటీన్ మిగిలే ఉంటుంది.

నూనె, గిర్ని, ఇంగువ

అసలు ప్రమాదం కంటికి కనబడే పల్లీ లడ్డులో లేదు. దాన్ని ఎవరైనా పక్కన పెడతారు. కనబడనిది ఇంకెక్కడో ఉంది.

ఈ మధ్య అందరూ గానుగ నూనె వాడుతున్నారు, మంచిదే. కానీ గానుగలో ఆడించిన పల్లీనూనెలో పల్లీ ప్రోటీన్ ఉంటుంది. బాగా శుద్ధి చేసిన రిఫైండ్ నూనెలో అది దాదాపు ఉండదు. అదే గానుగలో పొద్దున పల్లీలు, మధ్యాహ్నం నువ్వులు, సాయంత్రం కుసుమలు పోస్తారు. కుసుమ నూనెనే కదా అని తెచ్చుకుంటే అందులో పొద్దుటి పల్లీ కూడా వస్తుంది. ఈ తొమ్మిది రోజులకు సీలు తీయని పొద్దుతిరుగుడు రిఫైండ్ ప్యాకెట్ ఒకటి విడిగా పెట్టుకోండి. పల్లీలు వేయించి దింపిన నూనెను మళ్లీ పిల్లల వంటకు వాడొద్దు. వేయిస్తే పల్లీ ఎలర్జీ పోతుందనుకోవడం పొరపాటు. వేడికి ఆ ప్రోటీన్ చెడిపోదు.

గిర్నిది కూడా ఇదే కథ. ఒకే రాయి కింద గోధుమ, శనగపప్పు, జొన్న, బియ్యం ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. గోధుమ పడని పిల్లలకు గిర్ని జొన్నపిండి నమ్మలేం. ముందు ఒక కిలో బియ్యం పోసి తీసేస్తే సరిపోతుందంటారు, ఎలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్ల విషయంలో నేనైతే దాన్ని ఒప్పుకోను. సజ్జలు, బియ్యం ఇంట్లోనే కడిగి ఎండబెట్టి మిక్సీలో పట్టి జల్లించుకోండి. ఆ మిక్సీ జారు కొత్తదై ఉండాలి. పల్లీ చట్నీ పట్టిన జారును ఎన్నిసార్లు కడిగినా బ్లేడు కింద, మూతలోని రబ్బరు వాషరు మడతలో పొడి అంటుకుని ఉంటుంది. వాషరును గోటితో లేపి చూడండి, మీకే తెలుస్తుంది.

ఇక ఇంగువ. మనం కొనే డబ్బా ఇంగువలో ఎక్కువభాగం గోధుమపిండో మైదానో బియ్యప్పిండో కలిపిందే ఉంటుంది. పులిహోర పోపులో చిటికెడే కదా అని వదిలేయకుండా డబ్బా తిప్పి చదవండి.

కిరాణం కొట్టులో విడిగా తూచే శనగపప్పు, పుట్నాలు, అటుకులు కొనొద్దు. పల్లీల సంచిలో ముంచిన డబ్బానే పుట్నాల సంచిలోనూ ముంచుతారు. మూసిన ప్యాకెట్ తెచ్చి చాటలో పోసి ఏరుకోండి.

ఏం వండుకోవాలి

సద్దులు ఐదుండాలి, అందులో పల్లీ, నువ్వులు, పెరుగు ఉండాలన్న పట్టింపు వదిలేయండి. చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర ఎలాగూ ఉన్నాయి. పోపులో పల్లీలకు బదులు శనగపప్పు, మినపప్పు కాస్త ఎక్కువ వేస్తే కరకరలాడుతుంది. మూడోది కొబ్బరి సద్ది. నాలుగోది కందిపొడి సద్ది. నువ్వుల సద్ది జాగాలో గుమ్మడి గింజలు. ఇంట్లో కోసిన గుమ్మడికాయ గింజలు కడిగి ఎండబెట్టి, పొట్టు తీసి, సన్నటి మంట మీద వేయించి, ఎండుమిరప, ఉప్పుతో పొడి కొట్టి అన్నంలో కలిపితే కమ్మగా ఉంటుంది. పెరుగు సద్దికి మాత్రం బదులు వెతకొద్దు. ఏదో ఒకటి తెల్లగా కలిపి పెట్టినా ఆ రుచి రాదు.

మలీద మాత్రం వదులుకోవద్దు. రెండు గ్లాసుల సజ్జపిండిలో మరిగే నీళ్లు పోసి గంటెతో కలిపి, చేయి పట్టేంత వేడికి వచ్చాక బాగా పిసికి, చేత్తో కొట్టి కొంచెం మందంగా రొట్టెలు చేయండి. పెంక మీద రెండువైపులా మచ్చలు పడేదాకా కాల్చి, వేడి మీదనే తుంచి చేత్తో నలపండి. చల్లారితే సజ్జరొట్టె గట్టిపడుతుంది, అప్పుడు ఎంత నలిపినా ముద్ద రాదు. గ్లాసు బెల్లం తురుము, అర గ్లాసు ఎండుకొబ్బరి, నాలుగు యాలకులు వేసి కలిపితే ఆ వేడికి బెల్లం కరిగి మొత్తం పట్టుకుంటుంది. నెయ్యి బదులు చెంచాడు కొబ్బరినూనె చాలు. కొబ్బరి మాత్రం తురిమింది కొనకుండా కుడుక తెచ్చి ఇంట్లో తురుముకోండి. పరమాన్నానికి కొబ్బరిపాలు వాడతాం కదా, వాటిని పొయ్యి మీంచి దించాకే పోయాలి, మరిగితే విరుగుతాయి.

గుమ్మడి గింజలైనా, కొబ్బరైనా ఎప్పుడూ తినని పిల్లలకు పండుగ నాడు మొదటిసారి పెట్టొద్దు. ముందే డాక్టర్‌ని అడిగి, ఆసుపత్రులు తెరిచి ఉండే మామూలు రోజున చూసుకోవాలి. పాలు మానేసిన పిల్లలకు కాల్షియం తైదల అంబలి, మునగాకుతో కొంతవరకు అందుతుంది. బి12 మాత్రం మొక్కల తిండిలో నమ్మదగ్గంత దొరకదు, డాక్టర్ చెప్పిన మందు వాడాల్సిందే.

చెరువు కట్ట దగ్గర

ఇల్లెంత శుభ్రంగా ఉన్నా సద్దుల రాత్రి చెరువు దగ్గర అంతా ఒకచోట చేరుతుంది. "ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం" అంటూ చేతులు మారుతుంటాయి. ఒకే గంటె పల్లీల సద్దిలో మునిగి పులిహోరలోకి పోతుంది. ఆ చేతులే పిల్లల బుగ్గలు నిమురుతాయి. "ఏం గాదు బిడ్డా, దేవుని ప్రసాదం, ఇంత నోట్లేస్తె ఏమైతది?" అని పెద్దమ్మలు ప్రేమగానే అంటారు. వాళ్లతో వాదన పెట్టుకోవద్దు. "పెద్దమ్మా, నీ ప్రసాదం కండ్లకద్దుకుంటడు, నోట్లె పెట్టుకోడు. పల్లి తగిల్తె వానికి ఊపిరాడది" అని ఆట మొదలుకాక ముందే, నలుగురి ముందు ఒక్కసారి చెప్పండి. పిల్లలకు తినడానికి ఇంటి సద్ది డబ్బా విడిగా ఇవ్వండి. చేతులకు రాసుకునే శానిటైజర్ పల్లీ ప్రోటీన్‌ను తీసేయదు, సబ్బు, నీళ్ల సీసా వెంట పెట్టుకోండి.

దద్దుర్లు, పెదవులు వాయడం, గొంతు బొంగురుపోవడం, పిల్లికూతలు, వాంతులు, కళ్లు తిరగడం. వీటిలో ఒకటి కంటే ఎక్కువ కలిసి వచ్చినా, శ్వాస ఒక్కటే ఇబ్బంది పెట్టినా ఆలస్యం చేయొద్దు. డాక్టర్ ముందే అడ్రినలిన్ ఇంజెక్షన్ రాసి నేర్పించి ఉంటే తొడ బయటి కండలో వెంటనే వేయాలి. దురద మాత్ర ఆ పని చేయదు, నిమ్మరసం, మజ్జిగ అసలే వద్దు. పిల్లల్ని నడిపించకుండా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి. ఊపిరాడకపోతే కూర్చోబెట్టండి. 108కి ఫోన్ చేయండి. పాటల హోరులో మాట వినబడదు, కట్ట దిగి మాట్లాడండి, చెరువు పేరు, దగ్గరి గుడి పేరు చెప్పండి. దగ్గరి ఆసుపత్రిలో రాత్రి డాక్టర్ ఉంటారా లేదా అన్నది సద్దుల నాటికి ముందే అడిగి తెలుసుకుని ఉండాలి. ఇంజెక్షన్‌తో తగ్గినా వెంటనే ఇంటికి తెచ్చేయొద్దు, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చు. డాక్టర్ పంపేదాకా అక్కడే ఉండండి.