పిలకాయలతో రెండు రోజులు చెన్నైలో

మాది కావలి. పాపకు ఆరేళ్లు, బాబుకు మూడు. మొదటిసారి చెన్నై తీసుకెళ్లినప్పుడు ఒకే రోజు వండలూరు జూ, మెరీనా రెండూ చూపించాలనుకున్నాం. వండలూరు ఊరికి దూరం, పోనురాను ముప్పయ్యేసి కిలోమీటర్లు. సాయంత్రానికి బాబు ఒళ్లు కాలిపోయింది. సముద్రం చూడకుండానే లాడ్జిలో తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను. అందుకే చెబుతున్నా, పూటకు ఒక్క చోటే పెట్టుకోండి. రెండు రోజులే ఉంటే జూ జోలికి పోకండి.

రైలైతే మాకు పినాకిని అనుకూలం. ఉదయం ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, శనాదివారాలకు అప్పుడే చేసుకోండి. ఐదేళ్లలోపు వాళ్లకు టికెట్ అక్కర్లేదు కానీ సీటు కూడా ఉండదు. ఒళ్లో నాలుగు గంటలంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి, డబ్బు పోయినా బాబుకూ సీటు తీసుకోండి. నెల్లూరు ముందు పెన్నా వంతెన వస్తుంది. పినాకిని అంటే ఈ నదేనని చెబితే మా పాప కిటికీ వదల్లేదు.

లాడ్జి ఎగ్మోర్ చుట్టుపక్కల చూసుకోండి. లిఫ్ట్ ఉందా, వేడినీళ్లు ఎన్ని గంటల దాకా వస్తాయి, ఈ రెండూ ఫోన్‌లోనే అడగాలి. సెంట్రల్ నుంచి ఎగ్మోర్‌కు మెట్రోలో ఒక్క స్టేషనే. పిలకాయలకు ఆ ఎస్కలేటరే పెద్ద సంబరం. దిగగానే తినిపించి పడుకోబెట్టండి. ఆ నిద్ర పోతే సాయంత్రమంతా ఏడుపే.

ఎండ తగ్గాక మెరీనా. అక్కడ నీళ్లలోకి దిగనివ్వకండి. అలలు బలంగా లాగుతాయి, స్నానాలు నిషేధం. ఇసుకలో ఆడుకుంటే చాలు. పాప మణికట్టు మీద నా ఫోన్ నంబరు బాల్‌పెన్నుతో రాశాను. చేతులు కడిగించేసరికి సగం అంకెలు చెరిగిపోయాయి. అప్పటినుంచి నంబరు చీటీ మీద రాసి, చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గౌను లోపలి వైపు పిన్నీసుతో గుచ్చుతున్నాను. మీరూ అట్టాగే చేయండి.

ఆదివారం పొద్దున ఎగ్మోర్ మ్యూజియం. శుక్రవారం సెలవు, అది గుర్తుంచుకోండి. అన్నీ చూడాలనుకోవద్దు. మన అమరావతి స్తూపం శిల్పాలు ఉన్న గదికి తీసుకెళ్లండి. అక్కడ ఒక గుండ్రటి రాతిలో నలగిరి ఏనుగు కథ చెక్కారు. ఒకే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది: ఒకవైపు మదమెక్కి మనిషిని తొండంతో పట్టుకుని, ఇంకోవైపు బుద్ధుడి ముందు మోకాళ్ల మీద వంగి. పైన కిటికీల్లోంచి ఆడవాళ్లు తొంగిచూస్తుంటారు. నేను ఏమీ చెప్పలేదు. పాపే కాసేపు చూసి, "అమా, ఇది ఆ ఏనుగే, కోపం పోయింది" అంది. నాకు కళ్లు చెమర్చాయి. మన నేల మీది రాయి ఇంత దూరంలో ఉన్నందుకు బాధ ఉన్నా, పిల్ల దాన్ని చదవగలిగింది. గంటన్నర చాలు, బాబు ఎత్తుకోమనగానే బయటికి వచ్చేయండి.

సంచిలో రెండు జతల బట్టలు, జ్వరం మందు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, వెట్ వైప్స్, పాత దుప్పటి ఒకటి. మొదటి రోజుకు ఇంటి నుంచే చింతపండు పులిహోర, పిల్లలకు కారం లేకుండా పెరుగన్నం.

తిరుగు పినాకిని మధ్యాహ్నమే, పన్నెండుకల్లా లాడ్జి ఖాళీ చేయండి. అన్నం పొట్లాలు కట్టించుకుని రైలెక్కాక తినిపిస్తే, సూళ్లూరుపేట వచ్చేసరికి ఇద్దరూ ఆ దుప్పటి మీద నిద్రపోతారు. సాయంత్రానికి కావలిలో దిగుతాం, సోమవారం బడి మానాల్సిన పని ఉండదు.