"ఆకలేస్తోంది" అన్న రోజే అసలు జాగ్రత్త

పోయిన నెల మాకు తెలిసినవాళ్లింట్లో జరిగింది. నెలల తరబడి తిండికి దూరమై ఎముకల గూడులా మిగిలిన పిల్ల, ఒకరోజు తనంతట తనే "ఆకలేస్తోంది" అంది. ఇంటిల్లిపాదీ పొంగిపోయి అడిగినంతా పెట్టారు. మూడో రోజుకి పాదాలు ఉబ్బాయి. "హమ్మయ్య, కాస్త ఒళ్లు చేస్తోంది" అనుకున్నారు. నాలుగో రోజు ఐసీయూ. బతికింది.

ఇలా తిండికి దూరమయ్యే జబ్బుని ఈటింగ్ డిజార్డర్ అంటారు. అందులో జుట్టు రాలడం, నెలసరి ఆగడం అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పేది ఒక్కటే: బాగా చిక్కిపోయిన మనిషికి ఇంట్లో, డాక్టరుకి చెప్పకుండా, ఒక్కసారిగా తిండి పెంచకండి.

పస్తులున్న ఒంట్లో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు అడుగంటి ఉంటాయి. పిండి పదార్థం పడగానే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో ఉన్న ఆ కాస్తనీ కణాల్లోకి తోసేస్తుంది. ఫాస్ఫేట్ లేనిదే గుండె కండరానికీ, ఊపిరి తీసే కండరాలకీ శక్తి పుట్టదు. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. ఎక్కువగా మొదటి ఐదు రోజుల్లోనే వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో చెరలో ఆకలికి తట్టుకుని నిలిచినవాళ్లు కొందరు, విడుదలయ్యాక కడుపునిండా తిని చనిపోయారు.

తినిపించే ముందు

ఈసీజీ తీయించండి. రక్త పరీక్షలో ఫాస్ఫేట్, మెగ్నీషియం కూడా ఉన్నాయో లేదో అడగండి, మామూలు ఎలక్ట్రోలైట్ల (రక్తంలోని లవణాల) పరీక్షలో అవి తరచూ ఉండవు. రిపోర్టు నార్మల్ అని ధీమా వద్దు, పడిపోయేది తిన్నాకే. అందుకే మొదటి రోజుల్లో పరీక్ష మళ్లీ మళ్లీ చేస్తారు. థయమిన్ (విటమిన్ బి1) ముందు, ముద్ద తర్వాత. అలాగని భయపడి తిండి ఆపేయకండి, ఆకలీ చంపుతుంది. డాక్టరు చూస్తుండగా మెట్టు మెట్టుగా పెంచాలి.

ఇక మిగతావి:

- నీరసంగా ఉందని గ్లూకోజ్ ఎక్కించకండి. అదీ తిండే. థయమిన్ లేకుండా ఎక్కితే మెదడుకే దెబ్బ.
- తిన్నది కావాలని వాంతి చేసుకునేవాళ్ల బరువు మామూలుగానే ఉండొచ్చు. పొటాషియం పడిపోయి గుండె లయ తప్పడానికి బరువుతో పని లేదు.
- వాంతయిన వెంటనే బ్రష్ వద్దు. పుక్కిలించాలి.
- బరువు తగ్గాలని వేసుకునే విరేచనాల మాత్రల సంగతి డాక్టరు దగ్గర దాచకండి.
- టైప్ 1 షుగరుంటే, బరువు తగ్గాలని ఇన్సులిన్ మానేస్తారు కొందరు; వేసుకుంటోందో లేదో కళ్లారా చూడండి.
- నాడి నిమిషానికి 40 లోపా? ఆసుపత్రి.
- స్పృహ తప్పిందా, దడ, ఆయాసం, అయోమయమా? తెల్లారనివ్వకండి.
- మళ్లీ చెప్తున్నా: ఒక్కసారిగా పెంచకండి. పళ్లెం కన్నా ముందు ఫోన్ తీయండి.
- తినడం మొదలుపెట్టాక రోజూ చీలమండ దగ్గర వేలితో నొక్కి చూడండి. గుంట పడి అలాగే ఉండిపోతే అది కండ కాదు, నీరు. బయల్దేరండి.