సిమ్యులేటర్‌లో విమానం అసలు విమానంలా ఎగరడం లేదా?

ఇంటి కంప్యూటర్‌లోని ఫ్లైట్ సిమ్యులేటర్‌లో సెస్నా 172 అనే చిన్న విమానం తీరు నచ్చనప్పుడు చాలామంది ముందుగా సిమ్యులేటర్ ఏరోడైనమిక్స్‌నే, అంటే విమానంపై గాలి బలాల లెక్కలనే, తప్పుపడతారు. లోపం ఆ లెక్కల్లో ఉందో, చేతిలోని జాయ్‌స్టిక్‌లో ఉందో, విమానంలో నింపిన బరువులో ఉందో తేల్చుకున్నాకే దేన్నైనా మార్చడం మంచిది.

సమస్య: జాయ్‌స్టిక్ కాస్త కదిపినా ముక్కు ఎగిరిపడుతోంది.

అసలు విమానంలో వేగం పెరిగేకొద్దీ ఎలివేటర్‌పై (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక భాగం) గాలి తాకిడి పెరిగి, పైలట్ చేతిలోని యోక్ గట్టిపడుతుంది. ఎంత లాగాలో పైలట్ చేతికి తెలిసేది ఆ బిగువును బట్టే. బల్లమీది జాయ్‌స్టిక్ స్ప్రింగుకు వేగం 60 నాట్లయినా 120 నాట్లయినా (నాటు అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.) ఒకటే. కనుక ముందు సెన్సిటివిటీ కర్వ్‌ను (జాయ్‌స్టిక్ కదలికకు విమానం ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగ్) మధ్యభాగంలో తగ్గించి, ఆపైన ట్రిమ్ (చేత్తో పట్టి ఉంచకుండానే ముక్కును ఒక స్థితిలో నిలిపే సర్దుబాటు) అలవాటు చేసుకోవాలి: ముక్కును కావలసిన చోట పట్టి ఉంచి, ట్రిమ్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ, అందుకు తగ్గట్టు జాయ్‌స్టిక్‌ను మధ్యకు వదులుతూ రావాలి. తెరపై సెకనుకు వచ్చే ఫ్రేముల (చిత్రాల) సంఖ్య పడిపోయినప్పుడే విమానం వణుకుతుంటే అది వేరే జబ్బు; ఎక్స్-ప్లేన్ అనే సిమ్యులేటర్‌లో అయితే ఒక్కో ఫ్రేముకు జరిగే ఫ్లైట్ మోడల్ (విమానం కదలికల) లెక్కలను పెంచి చూడాలి.

సమస్య: టేకాఫ్‌లో ఎడమకు లాగుతోంది.

ఇది లోపం కాదు. ప్రొపెల్లర్ వెనక్కి తోసే గాలి సుడి తిరుగుతూ వచ్చి నిలువు తోకను ఎడమవైపు నుంచి తాకి, తోకను కుడికీ ముక్కును ఎడమకూ తిప్పుతుంది. కుడి రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక భాగం) పెడల్‌ను అదుముతూ ఉండాలి. బొత్తిగా లాగకపోతేనే అనుమానించి, రడ్డర్‌ను సిమ్యులేటరే నడిపే ఆటో రడ్డర్ ఆన్‌లో ఉందేమో చూడాలి.

సమస్య: మాన్యువల్‌లో రాసిన వేగం వద్ద స్టాల్ కావడం లేదు.

గాలి రెక్కను విడిచిపోయి లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) పడిపోవడమే స్టాల్. సెస్నా 172లో 172ఎస్ అనే రకం స్టాల్ వేగం, 2,550 పౌండ్ల గరిష్ఠ బరువుతో, ఇంజిన్ ఐడిల్‌లో (కనీస శక్తిలో), ఫ్లాప్స్ (రెక్క వెనుక కిందికి దించే పలకలు) దించకుండా, వేగం మీటరుపై 48 నాట్లు. పూర్తి ఫ్లాప్స్‌తో 40. ఆ వేగం బరువు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి, ఒంటరి పైలట్‌తో, సగం ఇంధనంతో బరువు 20 శాతం తగ్గినప్పుడు అది దాదాపు 10 శాతం తగ్గడం సబబే. బరువును గరిష్ఠానికి పెంచి, గాలిని సున్నా చేసి, సెకనుకు ఒక నాటు చొప్పున వేగం తగ్గిస్తూ మళ్లీ పరీక్షించాలి. అప్పటికీ పెద్ద తేడా కనిపిస్తే తప్పు ఆ విమానం ఫైలుదే.

సమస్య: స్టాల్ అయ్యాక విమానం అటూ ఇటూ ఒరగకుండా మెత్తగా దిగుతోంది, స్పిన్ (స్టాలై గింగిరాలు తిరుగుతూ పడిపోవడం) నమ్మేలా లేదు.

ఇక్కడ మాత్రం ఫిర్యాదు న్యాయమైనదే. ఎఫ్ఎస్ఎక్స్ (మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్) వంటి పాత సిమ్యులేటర్ విమానం మొత్తానికి కలిపి ముందే రాసిపెట్టిన గుణకాల పట్టికల నుంచి బలాలను తీసుకుంటుంది. రెక్కలను విడివిడిగా చూడదు కనుక, ఒకటి ముందు స్టాలై పక్కకు ఒరగడం అందులో సహజంగా పుట్టదు. ఎక్స్-ప్లేన్ రెక్కను ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క యాంగిల్ ఆఫ్ అటాక్‌ను (ఎదురొచ్చే గాలితో అది చేసే కోణం) బట్టి లిఫ్ట్, డ్రాగ్ (వెనక్కి లాగే బలం) లెక్కగడుతుంది. ఇది ఎంతో మెరుగు. అయినా గాలి రెక్కను విడిచి చెదిరినప్పుడు ఒక ముక్క మీది ప్రవాహం పక్క ముక్కను ఎలా పాడుచేస్తుందో ఆ పద్ధతికి పూర్తిగా అందదు. ఎయిర్‌లైన్ సిమ్యులేటర్లకూ ఈ బాధ ఉండేది: 2009లో అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గాన్ 3407 అనే ప్రయాణికుల విమానం స్టాలై కూలిన తరువాత అమెరికా ఎయిర్‌లైన్ పైలట్లకు పూర్తి స్టాల్ శిక్షణను తప్పనిసరి చేసిన అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ, అందుకు అనువుగా సిమ్యులేటర్ల ప్రమాణాలను 2016లో సవరించవలసి వచ్చింది.

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో ఫ్లైట్ మోడల్ సెట్టింగ్ ‘లెగసీ’లో (పాత పద్ధతి) ఉంటే ‘మోడర్న్’కు మార్చాలి. మరే సిమ్యులేటర్‌లోనైనా, స్టాల్ తరువాతి ప్రవర్తనను ప్రత్యేకంగా తీర్చిదిద్దిన విమానాన్ని ఎంచుకోవాలి. స్పిన్ నుంచి బయటపడే పద్ధతిని మాత్రం శిక్షకుడి పక్కన, అసలు విమానంలోనే నేర్చుకోవాలి.