వానలకు ముందు పాత ఇల్లు ముట్టుకుంటున్నారా?

మొన్నటి గట్టి వానకు హన్మకొండలో మాకు తెలిసినవాళ్ల ఇంటి వెనక గోడ కూలింది. హాలు పెద్దగా రావాలని నడిమి గోడ తీసేశారు. అది కప్పు బరువు మోసే గోడ. బరువంతా తడిసిన వెనక గోడ మీద పడింది. మనుషులకు ఏం కాలేదు. కానీ ఆ గోడ మళ్లీ కట్టుకుంటామని మున్సిపల్ ఆఫీసుకు వెళ్తే, నాలా బఫర్‌లో, అంటే నాలా పక్కన ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగాలో ఉంది, కుదరదన్నారు. అప్పటికే ఇంట్లో డబ్బంతా టైల్స్‌కు, తలుపులకు అయిపోయింది.

"ఇరవై ఏండ్ల సంది పన్ను కడుతున్నం సారూ, ఇంకేం పర్మిషన్?" అని ఆ ఇంటాయన అడిగాడు. మనవాళ్లను ముంచేది ఈ మాటే. ఇంటి పన్ను రసీదు అనుమతి కాదు. అనుమతి లేని ఇంటికి కూడా పన్ను వేస్తారు, పైగా జరిమానా కలిపి వేస్తారు. ఇంటి నంబరు, కరెంటు మీటరు, నల్లా కనెక్షన్ ఇవేవీ అనుమతి కావు.

సున్నాలు, టైల్స్, పైపుల మార్పు లాంటి పనులకు భయపడనక్కర్లేదు. గది పెంచినా, పైన అంతస్తు వేసినా, గోడ పడగొట్టి కొత్తగా కట్టినా ముందు చెరువు, నాలా హద్దు చూసుకోవాలి. 2012లో వచ్చిన 168 జీవో ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచేంత మేర) హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. మన వరంగల్, హన్మకొండల్లోని భద్రకాళి, వడ్డేపల్లి చెరువులు రెండూ ఈ లెక్కలోకే వస్తాయి. అంతకన్నా చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు. నాలా వెడల్పు పది మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపు ఉంటే 2 మీటర్లు. 2020 ఆగస్టులో, 2023 జులైలో నయీంనగర్, హంటర్ రోడ్ వైపు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడివాళ్లను అడిగితే గోడ మీద మరక చూపిస్తారు. ఆ మరకను కూడా ప్లాన్‌లో గీయించండి.

ఆన్‌లైన్‌లో వెంటనే వచ్చే అనుమతిని నమ్ముకుని ధీమాగా ఉండొద్దు. అది మీరు రాసిచ్చిన మాట మీద వచ్చింది. అబద్ధమని తేలితే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం ఈ ఆన్‌లైన్ అనుమతుల కోసం తెచ్చిన 2020 టీఎస్ బీపాస్ చట్టంలోనే ఉంది. అందుకే సర్వేయర్‌తో కొలిపించి, ఎఫ్‌టీఎల్ సంగతి నీటిపారుదల శాఖలో అడిగి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

ఖర్చు విషయం. పాత ఇంటికి మేస్త్రి నోటితో చెప్పే అంచనా సరిపోదు. స్లాబు పెచ్చులు ఊడిన చోట కొద్దిగా గీకి చూస్తే లోపలి ఇనుప చువ్వ తుప్పుపట్టి ఉబ్బి కనిపించొచ్చు. ఒక చోట కనిపిస్తే స్లాబంతా ఇంజనీరుకు చూపించాల్సిందే. వేసుకున్న అంచనాలో ఐదో వంతు విడిగా పెట్టుకోండి, దాన్ని సోఫాలకు తీయకండి. వానల్లో ఇసుక రవాణా ఆగుతుంది, కూలీలు నాట్లకు పోతారు, పని నెలల తరబడి సాగుతుంది. అద్దె ఇంట్లో ఉంటూ పని చేయిస్తుంటే ఆ అద్దె కూడా లెక్కలో రాయండి.

అనుమతి చేతికి రాకముందు అడ్వాన్స్ ఇవ్వకండి.

లోన్ వచ్చిందని పని మొదలుపెట్టకండి. బ్యాంకు కాగితం కూడా అనుమతి కాదు.

ఇంజనీరు చూడకుండా ఒక్క గోడ కూడా తీయొద్దు. మేస్త్రి ఎంత అనుభవమున్నవాడైనా సరే.

పాత పునాది మీద అంతస్తు వేయొద్దు, పునాది తవ్వి చూసేదాకా.

సగం తీసిన గోడను వానకు వదలొద్దు. కప్పుకు సపోర్ట్ పెట్టించండి, ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వొద్దు.

కూల్చిన మట్టి, రాళ్లు నాలాలో పోయొద్దు. ఆ నీళ్లు మీ వీధిలోకే వస్తాయి.

మీటరు బోర్డు వరద మరక కంటే పైకి పెట్టించండి.

పక్కింటాయన కట్టాడు కదా అనొద్దు. ఆయన కాగితాలు మీరు చూడలేదు.

మళ్లీ చెప్తున్నా, పన్ను రసీదు అనుమతి కాదు. ఈ వారమే బీరువా తెరిచి అనుమతి ఇచ్చిన ప్లాన్ కాపీ వెతకండి. దొరక్కపోతే పని ఆపి టౌన్ ప్లానింగ్‌లో అడగండి.