పాత రికవరీ డిస్క్ కొత్త ల్యాప్‌టాప్ మీద బూట్ అవ్వకుండా మొరాయిస్తే ఏం చెయ్యాలి?

2013లో ఫైలిన్ తుఫాను వచ్చి వెళ్ళాక మా బరంపురం షాపుకి తడిసిన సీపీయూలు ఆటోల్లో వచ్చి దిగేవి. అప్పుడే రాత్రుళ్ళు కూర్చుని విండోస్ 7 నాటి పీఈ (పెన్‌డ్రైవ్ నుంచే లేచే బుల్లి విండోస్) మీద నా సొంత రికవరీ డిస్క్ ఒకటి తయారు చేసుకున్నా, పార్టిషన్ టూల్, ఫైల్ రికవరీ, పాస్‌వర్డ్ తీసేది, అన్నీ అందులోనే. అది ఎన్ని మెషీన్లని లేపిందో లెక్కలేదు. మొన్న ఇచ్ఛాపురం నుంచి ఫోటో స్టూడియో కుర్రాడు ఇంటెల్ 12వ జనరేషన్ ల్యాప్‌టాప్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, "అన్నా, రెండు పెళ్ళిళ్ళ ఫోటోలు ఇందులోనే ఉన్నాయి, విండోస్ లేవట్లేదు, ఏటి చెయ్యను" అని. నేను ధీమాగా ఆ డిస్క్ ఉన్న నా పెన్‌డ్రైవ్ గుచ్చాను. "స్టార్టింగ్ విండోస్" అని వచ్చి అక్కడే బిగుసుకుపోయింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. ఇలాంటప్పుడు చాలామంది డిస్క్ కరప్ట్ అయిందని మళ్ళీ మళ్ళీ రైట్ చేస్తూ కూర్చుంటారు. డిస్క్‌కి ఏమీ అవ్వలేదు, దానికి ఈ కొత్త మెషీన్ తెలీదు అంతే. ఎక్కడ ఆగిందో చూస్తే దానికి ఏది తెలీదో దొరికిపోతుంది.

మొదటి పని, బయోస్ (మెషీన్ ఆన్ అవ్వగానే నడిచేది, బూట్ సెట్టింగ్‌లు ఉండేది) జోలికి వెళ్ళకముందే బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం, సంగతి చూడండి. విండోస్ 11తో వచ్చే కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే చాలాసార్లు డ్రైవ్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, ఓనర్‌కి ఆ సంగతే తెలీదు. నేను పెన్‌డ్రైవ్ గుచ్చే కంగారులో ముందే సెక్యూర్ బూట్ (సంతకం లేని బూట్ ఫైళ్ళని ఆపే కాపలా) ఆఫ్ చేసేశా, తర్వాత మామూలుగా బూట్ చేస్తే నీలం స్క్రీన్ మీద 48 అంకెల కీ అడిగింది. కుర్రాడు తెల్లమొహం వేశాడు, ఎందుకంటే ఆ ల్యాప్‌టాప్ సెటప్ చేసింది సూరత్‌లో మిల్లులో పనిచేసే వాళ్ళ బావ, ఆయన మెయిల్ మీద! ఆయన డ్యూటీ దిగి ఫోన్ ఎత్తేసరికి రాత్రి పది. అకౌంట్లోకి వెళ్ళి కీ ఫోటో తీసి పంపాడు కాబట్టి సరిపోయింది. కీ లేకపోతే డిస్క్ ఎంత బాగా బూట్ అయినా డ్రైవ్‌కి తాళమే కనిపిస్తుంది, లోపల ఫైళ్ళు రావు. కాబట్టి ముందు కీ కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాతే బయోస్.

రెండో పని, అదే పెన్‌డ్రైవ్‌ని ఏదైనా పాత మెషీన్‌లో పెట్టి చూడండి. అక్కడా ఆగిపోతే పెన్‌డ్రైవ్‌దే తప్పు, వేరేది తీసుకోండి, సంతలో దొరికే 512 జీబీ అని రాసి ఉండే చవక సరుకు అసలొద్దు. అక్కడ బాగా బూట్ అయితే ముందుకి వెళ్ళొచ్చు.

ఇప్పుడు అసలు విషయం, ఎక్కడ చస్తోంది. నీలం స్క్రీన్ ఒక్క క్షణం మెరిసి రీస్టార్ట్ అయిపోతుంటే కోడ్ చదవలేం కదా, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో పెట్టి స్క్రీన్ ముందు పట్టుకోండి, తర్వాత ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపి చూడండి. ఇది నాకు మా షాపులో పనిచేసే పిల్లాడు నేర్పాడు, నేను అంతకుముందు పదిసార్లు బూట్ చేసి ఒక్కో అక్షరం గుర్తుపెట్టుకునేవాణ్ణి.

బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ అసలు కనిపించకపోతే, లేదా సెలెక్ట్ చేసినా మళ్ళీ మెనూకే వచ్చేస్తుంటే అది బూట్ పద్ధతి గొడవ. పాత డిస్క్‌లు లెగసీ పద్ధతివి, బయోస్‌లో సీఎస్ఎం అనే, పాత పద్ధతిని నడిపించే ఆప్షన్ ఉంటేనే లేస్తాయి. 2020 కల్లా దాన్ని తీసేస్తామని ఇంటెల్ 2017లోనే చెప్పింది, ఇప్పుడొచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ ఆప్షనే ఉండదు. అవి యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలోనే బూట్ అవుతాయి, దానికి పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉండాలి, అందులో ఈఎఫ్ఐ ఫోల్డర్, దాని లోపల బూట్ ఫోల్డర్, అందులో బూట్‌ఎక్స్64 అనే ఫైలు ఉండాలి, లేకపోతే మెషీన్‌కి అది బూట్ అయ్యే సరుకులాగే అనిపించదు. 32 బిట్ పీఈ అయితే 64 బిట్ యూఈఎఫ్ఐ మీద లేవదు, దానికి మందు లేదు, కొత్తది చేసుకోవడమే. సెక్యూర్ బూట్ వయలేషన్ అని ఎర్ర బాక్స్ వస్తే డిస్క్‌లో బూట్ ఫైలుకి సరైన సంతకం లేదని అర్థం, విండోస్ 7 నాటివన్నీ అంతే.

లోగో దగ్గర బిగుసుకుపోతే, అంటే నాకు జరిగినట్టు, అది విండోస్ 7 రోగం. దానికి తెర మీద బొమ్మ వెయ్యడానికి పాత వీడియో బయోస్ కావాలి, సీఎస్ఎం లేని మెషీన్‌లో అది దొరక్క అక్కడే నిలబడిపోతుంది. నీలం స్క్రీన్ మీద చివర ఏ5 అని ఉంటే ఏసీపీఐ గొడవ, కొత్త మదర్‌బోర్డ్ చెప్పే పవర్ టేబుల్ భాష పాత విండోస్ కెర్నల్‌కి (దాని గుండెకాయకి) అర్థం కాలేదు. 7బి అంటే బూట్ డ్రైవ్‌కి దారి దొరకలేదు, విండోస్ ఎక్స్‌పీ నాటి డిస్క్‌లు సాటా మోడ్ (హార్డ్‌డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) చూసి ఇలాగే పడిపోయేవి. ఇక్కడ ఒక హెచ్చరిక, ఎవరో చెప్పారని బయోస్‌లో వీఎండీని (ఎస్ఎస్‌డీకి, విండోస్‌కి మధ్య ఇంటెల్ పెట్టిన స్టోరేజ్ కంట్రోలర్‌ని) ఆఫ్ చేసేస్తే హార్డ్‌డిస్క్‌లో ఉన్న విండోస్ కూడా ఇదే 7బితో పడొచ్చు, అప్పుడు ఒక సమస్యకి రెండు సమస్యలవుతాయి. తిరిగి ఆన్ చెయ్యండి, కంగారు పడొద్దు.

డెస్క్‌టాప్ వరకు వచ్చి కీబోర్డ్, మౌస్ చచ్చిపోతే యూఎస్‌బీ 3 డ్రైవర్ లేదు. విండోస్ 7లో అది లేదు, 8 నుంచే ఉంది. 2015లో వచ్చిన ఇంటెల్ 6వ జనరేషన్ నుంచి పాత యూఎస్‌బీ 2 కంట్రోలర్ని తీసేశారు కాబట్టి నల్ల రంగు యూఎస్‌బీ 2 పోర్ట్‌లో పెట్టినా లాభం లేదు.

అన్నీ పనిచేస్తూ హార్డ్‌డిస్క్ మాత్రం కనిపించకపోతే, అది వీఎండీ. ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి చాలా ల్యాప్‌టాప్‌లకి ఇది ఆన్‌లోనే వస్తుంది. పీఈ మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది కాబట్టి డిస్క్ దొరక్కపోయినా అది క్రాష్ అవ్వదు, ఖాళీగా కూర్చుంటుంది, డ్రైవ్ పోయిందనుకుని జనం కొత్త ఎస్ఎస్‌డీ కొనేస్తుంటారు, పాపం.

ఇక మందు. నా సలహా, పాత డిస్క్‌కి అతుకులు వెయ్యొద్దు, కొత్తది కట్టండి, గంటలో అయిపోతుంది. విండోస్ 11 ఏడీకే (పీఈ కట్టడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే టూల్స్) దించుకోండి, పీఈ యాడ్ఆన్ వేరే ఫైలు, అది కూడా వెయ్యాలి, మర్చిపోతారు. డెప్లాయ్‌మెంట్ అండ్ ఇమేజింగ్ టూల్స్ అనే నల్ల విండోని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి కాపీపీఈ కమాండ్‌కి ఏఎండీ64 అని, ఒక ఫోల్డర్ పేరు ఇవ్వండి. ఇంటెల్ మెషీన్ కదా ఏఎండీ ఎందుకని అడగొద్దు, 64 బిట్ అనడానికి అదే పేరు.

తర్వాత మీ ల్యాప్‌టాప్ మోడల్ సపోర్ట్ పేజీ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించుకోండి, వీఎండీ వెనకున్న డిస్క్‌ని చూపించేది అదే. అది సెటప్ ఫైలుగా వస్తుంది, దాన్ని అలాగే పెడితే పనికిరాదు, ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అనే ఆప్షన్‌తో కమాండ్ నుంచి నడిపితే లోపలున్న ఇన్ఫ్, సిస్, క్యాట్ ఫైళ్ళు బయటికి వస్తాయి, మనకి కావలసింది అవే. ఇప్పుడు డిస్మ్ కమాండ్‌తో బూట్ డాట్ విమ్ ఫైలుని (పీఈ అంతా ఉండేది ఇందులోనే) ఖాళీ ఫోల్డర్‌లోకి మౌంట్ చేసి, అంటే తెరిచి పెట్టి, యాడ్ డ్రైవర్ కొట్టి, అన్‌మౌంట్ చేసేటప్పుడు కమిట్ అని తప్పకుండా పెట్టండి. నేను మొదటిసారి డిస్కార్డ్ కొట్టేశా, అరగంట కష్టం గాల్లో కలిసిపోయింది. రెండోసారి ఆ ఫోల్డర్ ఇంకో విండోలో తెరిచి ఉండిపోయింది, అన్‌మౌంట్ సగంలో ఎర్రర్ కొట్టింది, కాబట్టి అన్ని విండోలూ మూసేశాకే ఆ కమాండ్. విండోస్ ఇన్‌స్టాల్ డిస్క్‌లోని బూట్ డాట్ విమ్‌కి అయితే రెండు ఇండెక్స్‌లు ఉంటాయి, సెటప్ నడిచేది రెండోది, డ్రైవర్ అందులో వెయ్యకపోతే వేసినా వెయ్యనట్టే. చివరికి మేక్‌విన్‌పీఈమీడియాతో పెన్‌డ్రైవ్ మీదకి ఎక్కించండి, అది పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేసేస్తుంది, అందులో మీ పెళ్ళి వీడియో ఉంటే ముందే తీసేసుకోండి.

కట్టే టైం లేకపోతే, కొత్త పీఈలో బూట్ అయ్యాక డీఆర్‌వీలోడ్ కమాండ్‌కి ఆ ఇన్ఫ్ ఫైలు దారి ఇస్తే అప్పటికప్పుడు డిస్క్ కనిపిస్తుంది. రీస్టార్ట్ చేస్తే మళ్ళీ మొదటికే.

లినక్స్ రెస్క్యూ డిస్క్ వాడేవాళ్ళకి ఒక మాట. స్క్రీన్ నల్లగా అయిపోతే బూట్ మెనూలో ఇంగ్లీషు "e" అక్షరం నొక్కి లినక్స్ లైన్ చివర నోమోడ్‌సెట్ అని చేర్చండి, గ్రాఫిక్స్ డ్రైవర్ని పక్కన పెట్టేస్తుంది. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత పాత లినక్స్ పెన్‌డ్రైవ్‌లు కొన్నిచోట్ల సెక్యూరిటీ పాలసీ వయలేషన్ అని ఆగిపోయాయి, కొత్త ఐఎస్ఓ (లినక్స్ డిస్క్ ఫైలు) దించుకుంటే చాలు.

ఒక్కోసారి ఒక్కోచోట, రకరకాల కోడ్‌లతో పడిపోతుంటే డిస్క్‌ని తిట్టడం ఆపి ర్యామ్ చూడండి. పీఈ ఉండేదే ర్యామ్‌లో కదా. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్, 6వ వెర్షన్ నుంచి యూఈఎఫ్ఐలో నడుస్తుంది.

కుర్రాడి ల్యాప్‌టాప్‌లో కొత్త పెన్‌డ్రైవ్ ఒక్కసారికే లేచింది, కీ కొట్టగానే తాళం తీసుకుంది, ఫోటోలు బయటి హార్డ్‌డిస్క్‌కి కాపీ పెట్టి ఇద్దరం టీకి వెళ్ళాం. పీఈ 72 గంటలకి దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, కాబట్టి చచ్చుబడ్డ డిస్క్ నుంచి రోజుల తరబడి కాపీ పెట్టేవాళ్ళు ఆ లెక్క చూసుకోండి. నా ఫైలిన్ నాటి డిస్క్ మీద మాత్రం మార్కర్‌తో "పాత మెషీన్లకే" అని రాసి డ్రాయర్‌లో వేశా, చుట్టుపక్కల ఆఫీసుల్లో కోర్ 2 డ్యూయోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.