బంపర్‌కి ఎల్‌ఈడీ లైట్లా? ముందు వైరు సంగతి చూడండి

చలికాలం తెల్లవారుజామున కోరాపుట్ నుంచి సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్లే మనవాళ్లు బంపర్‌కి ఎల్‌ఈడీ లైట్లు వేయిస్తున్నారు. మంచిదే. కానీ హెడ్‌లైట్ వైరు కోసి దానికే కలిపేయనివ్వకండి. నా కారుకి అలాగే చేశారు. మొదటి వానలకే అతుకు దగ్గర టేపు ఊడి, రాగి తీగ పచ్చగా చిలుము పట్టేసింది.

బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగించి రిలే (స్విచ్చు నొక్కగానే బ్యాటరీ కరెంటును లైట్లకి కలిపే చిన్న డబ్బా) పెట్టించండి. ఫ్యూజు మాత్రం బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. వైరు ఎక్కడ ఒరుసుకుని షార్టయినా ముందు అదే పోవాలి కదా. 18 వాట్ల లైట్లు రెండైతే 36 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు. 5 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. లైటు దగ్గర వైరుని కాస్త కిందికి వేలాడదీసి, అప్పుడు పైకి తీసుకెళ్లమనండి. వాన నీళ్లు ఆ వంపు దగ్గరే బొట్లుబొట్లుగా కారిపోతాయి, అతుకుదాకా ఎక్కవు.

ఘాట్ మంచుకి పసుపు రంగే మేలంటాను. బాగా కిందికి బిగించి, వెలుగు రోడ్డు మీద పడేలా వంచండి. పైకి కొడితే మంచు తెల్లగోడలా అడ్డం నిలుస్తుంది, ఎదురొచ్చే లారీ అతనికీ కళ్లు చెదురుతాయి. ముందువైపు ఎరుపు లైటు అసలు వద్దు, నిబంధనలు ఒప్పుకోవు.